డాలరు ఇళ్ళ వీధిలో ఒక ఆదివారం

మా అమ్మాయికి బాల్టిమోర్‌లో ఆసుపత్రి ఉద్యోగం వచ్చి ఏడాది దాటింది. అద్దె పోసే డబ్బుతో వాయిదాలు కట్టుకుంటే ఇల్లు మనదవుతుందని అల్లుడి లెక్క. "నాన్నా, ఆదివారం ఖాళీగా ఉంచుకోండి, అమ్మను కూడా తీసుకురండి, ఆటర్‌బైన్‌లో ఒక ఇల్లు చూద్దాం" అని అమ్మాయి ఫోను చేసింది. మేము 1986లో ఈ దేశం వచ్చినప్పటినుంచి ఎక్కువ కాలం కొలంబియాలో, చెట్ల మధ్య, పచ్చిక కోసుకుంటూ కాపురం చేసినవాళ్ళం. బాల్టిమోర్ అంటే పగలు పని చూసుకుని చీకటి పడేలోగా తిరిగి రావలసిన ఊరని మాలో మేము చెప్పుకునేవాళ్ళం. అందుచేత నగరం నడిబొడ్డున ఇల్లనగానే మా ఆవిడ మొహం చిన్నబోయింది. అయినా బయలుదేరాం.

ఆటర్‌బైన్ పేట పేరు అక్కడి చర్చినుంచి వచ్చింది. 1785-86లో కట్టిన ఇటుక చర్చి అది; ఈనాటికీ ప్రార్థనలు జరుగుతున్నాయి. దాని వెనక వీధుల్లో ఎర్ర ఇటుక ఇళ్ళు గోడకు గోడ ఆనుకుని బారుగా ఉన్నాయి. చాలా ఇళ్ళ గుమ్మం ముందు రెండు మూడు మెట్లు, కొన్నిటికి తెల్ల చలువరాయి మెట్లు. వెనుకటి రోజుల్లో ఈ ఊరి ఇల్లాళ్ళు ఆ మెట్లను మోకాళ్ళమీద కూర్చుని తోమేవారట. సాయంత్రమైతే అందరూ మెట్లమీదకు చేరి కబుర్లు చెప్పుకునేవారు. "మన ఊళ్ళో అరుగులు ఇట్లాగే ఉండేవి గదండీ" అంది మా ఆవిడ. ఆ మాటతో ఆమె బిగువు కొంత సడలింది.

ఇంత ముచ్చటైన వీధి యాభై ఏళ్ళ కిందట పాడుబడి ఉండేదంటే నమ్మబుద్ధి కాదు. 1950లో బాల్టిమోర్ జనాభా 9,49,708. 1980 నాటికి అది 7,86,775కు, 2020 నాటికి 5,85,708కి దిగింది. ఎందుకు దిగిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. నల్లవాళ్ళు ఏ వీధిలో ఉండాలో, తెల్లవాళ్ళు ఏ వీధిలో ఉండాలో నిర్ణయిస్తూ 1910లో ఈ నగరం ఒక శాసనం చేసింది. దేశంలో అటువంటి వాటిలో అదే మొదటిది. 1917లో సుప్రీంకోర్టు వేరొక నగరపు కేసులో ఇటువంటి శాసనాలు చెల్లవని తీర్పు చెప్పినా, అమ్మకపు దస్తావేజులలో షరతులు పెట్టి అదే పని సాగించారు. 1937లో ప్రభుత్వ గృహరుణ సంస్థ తయారుచేసిన పటంలో నల్లవాళ్ళున్న పేటలకు ఎర్ర రంగు వేశారు. ఎర్ర రంగు పడ్డ పేటలో అప్పు పుట్టడం కష్టం. అప్పు పుట్టని చోట ఇంటికి మరమ్మతు ఉండదు, కొనేవాడుండడు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత తెల్లవాళ్ళు చౌక రుణాలతో శివార్లకు తరలిపోయారు. 1968లో మార్టిన్ లూథర్ కింగ్ హత్య తరువాత జరిగిన అల్లర్లతో ఆ తరలింపు ఇంకా జోరందుకుంది.

దీనికితోడు రహదారుల పథకం ఒకటి. నగరం నడుమ నుంచి, రేవు పక్కనుంచి పెద్ద రహదారులు వేయాలని ప్రణాళికలు గీసి, దారిలో ఉన్న ఇళ్ళను నగరం స్వాధీనం చేసుకోసాగింది. ఆటర్‌బైన్ ఇళ్ళు రహదారి పేరుమీద, పునర్నిర్మాణం పేరుమీద అట్లా నగరం చేతికి వచ్చాయి. పక్కనే ఉన్న షార్ప్-లీడెన్‌హాల్ నగరంలోని అతి పాత నల్లవారి పేటల్లో ఒకటి. అందులో చాలా భాగం కూలిపోయింది. 1873లో కట్టిన లీడెన్‌హాల్ వీధి బాప్టిస్టు చర్చి మాత్రం నిలిచింది. ఫెడరల్ హిల్, ఫెల్స్ పాయింట్ పేటలవాళ్ళు ఊరుకోలేదు. 1967లో సంఘం పెట్టి, తమ పేటలను జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేర్పించి, కోర్టులకెక్కి ఎదిరించారు. ఆ పోరాటంలో ముందు నిలిచిన సాంఘిక సేవకురాలు బార్బరా మికుల్‌స్కీ 1971లో నగర కౌన్సిలుకు, తరువాత సెనేటుకు ఎన్నికయ్యారు. చివరకు రేవుమీదుగా రావలసిన రహదారిని దక్షిణానికి మళ్ళించి, 1985లో నీటికింద సొరంగంగా పూర్తిచేశారు.

రహదారి రాలేదు. ఖాళీ ఇళ్ళు మిగిలాయి. అప్పుడు మేయరు విలియం డొనాల్డ్ షేఫర్ కాలంలో, 1973లో, డాలరు ఇళ్ళ పథకం మొదలైంది. ఒక్క డాలరుకు ఇల్లు ఇస్తారు. తీసుకున్నవాళ్ళు గడువులోగా బాగుచేసి, అందులో కాపురముండాలి. 1975లో ఆటర్‌బైన్‌లో సుమారు నూరు ఇళ్ళకు చీట్లు తీశారు. పైకప్పు లేని ఇళ్ళు, మెట్లు విరిగిన ఇళ్ళు. డాలరు పోను మరమ్మతుకే వేలకు వేలు. నగరం తక్కువ వడ్డీకి అప్పులిచ్చింది. చీటీ తగిలిన వాళ్ళు పగలు ఉద్యోగం చేసి రాత్రిళ్ళు సున్నం కొట్టి నిలబెట్టిన వీధి ఇది. మేము చూసిన ఇంటికి చెప్పిన ధర ఇప్పుడు నాలుగు లక్షల పైచిలుకు.

ఈ కథంతా అమ్మాయి ఇంటిముందు నిలబడి చెప్తుంటే మా ఆవిడ ఒక ప్రశ్న వేసింది. "మరి మొదట ఇక్కడున్నవాళ్ళు ఏమయ్యారే? రహదారి రానప్పుడు వాళ్ళ ఇల్లు వాళ్ళకివ్వాలి గదా? ఒకరి ఉసురు పోసుకున్న ఇల్లు మనకెందుకు?"

ఆ మాట నాకు గుచ్చుకుంది. 1981లో శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ ఒడ్డున మా అమ్మమ్మగారి ఊరు మునిగింది. నోటీసు, కొలతలు, నష్టపరిహారం, ఖాళీ చేయమని గడువు, అన్నీ చూశాను. వేసవిలో నీళ్ళు తీస్తే మొండిగోడలు బయటపడేవని మా మామయ్య చెప్పేవాడు. నీళ్ళు మళ్ళీ వచ్చేవి కాబట్టి ఎవరూ తిరిగి వెళ్ళలేకపోయారు. ఇక్కడ ఆ అడ్డం లేదు. ఇళ్ళు పొడిగానే ఉన్నాయి. కాని చీట్లలో గెలిచి, అప్పు తెచ్చుకుని బాగుచేయగల స్తోమత ఉండాలి. ఎర్ర రంగు పటం వల్ల అప్పు పుట్టక నష్టపోయినవాళ్ళకు ఆ స్తోమత ఎక్కడినుంచి వస్తుంది?

మనం ఈ కథకు పూర్తిగా బయటివాళ్ళం కాము. 1965 వలస చట్టం మనవాళ్ళను ఈ దేశానికి రానిచ్చింది. 1968 గృహ చట్టం వల్ల మన రంగు చూసి ఇల్లు అమ్మననడం చట్టవిరుద్ధమైంది. ఆ చట్టాలు నల్లవారి పోరాటాల కాలంలో పుట్టినవే. మేమున్న కొలంబియాను జేమ్స్ రౌస్ 1967లో అన్ని జాతులవారికీ తలుపులు తెరిచి కట్టాడు. 1980లో బాల్టిమోర్ రేవు ఒడ్డున హార్బర్‌ప్లేస్ తెరిచిందీ ఆయన సంస్థే.

ఇల్లు చూడబోయే మన పిల్లలకోసం రెండు మాటలు. అదే మధ్యాహ్నం ఫెడరల్ హిల్‌లో ఇంకొక ఇల్లు చూశాం. అక్కడ ఇల్లు మాత్రమే మనది, నేల వేరొకరిది. ఏడాదికి కొంత అద్దె కడుతూ ఉండాలి. ఇది ఇంగ్లీషు ప్రభువుల కాలంనుంచి మేరీలాండ్‌లో వస్తున్న ఆచారం. ఆ కాస్త బాకీ పడినందుకు ఇళ్ళు పోగొట్టుకున్నవాళ్ళున్నారు. 2007 చట్టం కొత్తగా నివాసాలకు ఇటువంటి అద్దెలు పుట్టకుండా ఆపింది. పాతవి మిగిలే ఉన్నాయి. చాలావాటిని ఏకమొత్తం చెల్లించి విడిపించుకోవచ్చు. కొనేముందు దస్తావేజులో ఈ సంగతి తప్పక చూడండి. రెండవది, పాత ఇళ్ళ రంగులో సీసం ఉంటుంది. బాల్టిమోర్ 1951లోనే ఇళ్ళలోపల దాన్ని నిషేధించినా, అంతకుముందు పూసిన పొరలు గోడలమీదే ఉండవచ్చు. పసిపిల్లలుంటే పరీక్ష చేయించకుండా దిగవద్దు.

డాలరు ఇళ్ళ మాట పాతబడలేదు. నగరం చేతిలోని ఖాళీ ఇళ్ళలో కొన్నిటిని, బాగుచేసుకుని కాపురముండేవారికి ఒక డాలరుకు అమ్మాలని 2024లో మళ్ళీ నిర్ణయించారు. ఈసారైనా మొదటినుంచీ ఆ వీధుల్లోనే ఉన్నవారికి అప్పు కూడా పుట్టాలని నా కోరిక.

మా అమ్మాయి తల్లి ప్రశ్నను తేలిగ్గా తీసుకోలేదు. ఆటర్‌బైన్ ఇంటి పాత దస్తావేజులు వెతికింది. ఇప్పటి యజమాని, అంతకుముందువాళ్ళు, చీటీ తగిలినవాళ్ళు, దానికి ముందు నగరం. నగరానికి ముందు ఒక ఆడమనిషి పేరుంది. ఆ పేరు కాగితంమీద రాసుకుని తెచ్చి వాళ్ళమ్మ చేతికిచ్చింది. మా ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, దేవుడి గూట్లో పెట్టింది. "బేరం కుదిరితే కొనుక్కోండి. గృహప్రవేశం నాడు ముందు ఈవిడ పేరు చెప్పి దీపం పెట్టాలి. ఆమె తాలూకు వాళ్ళెవరైనా దొరుకుతారేమో కనుక్కోండి, భోజనానికి పిలుద్దాం" అంది.

బేరం ఇంకా నడుస్తోంది. అమ్మాయి ఆ పేరు పట్టుకుని పోయిన వారం లీడెన్‌హాల్ చర్చికి వెళ్ళి అడిగి వచ్చింది.