వధువు చేతి పూలగుత్తి



ముప్పది యేండ్లు పాఠశాలలో విక్టోరియా రాణి పరిపాలనమును బోధించితిని. యుద్ధములను, శాసనములను, సంవత్సరములను బాలురచేత వల్లె వేయించితినే కాని, ఆమె పెండ్లినాటి పూలనుగూర్చి ఒక్క మాటయు చెప్పి యెరుగను. ఆ లోపమును నేడు కొంత తీర్చుకొందును.

1840 ఫిబ్రవరి 10న ఆమె ఆల్బర్టును వివాహమాడునపుడు కిరీటము ధరింపక, నారింజపూల దండను తలపై నుంచుకొనెను. నారింజచెట్టున పూవును పండును ఏకకాలమున నుండును. కావుననే ఐరోపాలో అది సంతానమునకు గుర్తు. ఆంగ్లేయులు ఆ పండునకు పెట్టిన పేరు సైతము మన నారంగ శబ్దమే. పారసీకమును అరబ్బును దాటి అచ్చటికి చేరినది.

అయితే నారింజపూవునకు కాడ పొట్టి. పది చేర్చి కట్టబోయిన నలిగిపోవును. మనవారు నారతోను దారముతోను సాధించుదానిని ఆ దేశపు పనివారు సన్నని ఇనుపతీగతో సాధించిరి. కాడను కత్తిరించి, పూవు మొదట తీగ గ్రుచ్చి, రెండు కొనలను క్రిందికి దించి మెలివేయుదురు. ఆకునకు వెనుకవైపున నడిమి యీనెను పట్టి చిన్న కుట్టు వేయుదురు. పండు బరువైనది గావున దాని యడుగున ముదురుతీగను అడ్డముగా దూర్చి వంచవలెను. గట్టిగా లాగినచో తొక్క చిట్లి రసము పూలపై కారును! పిమ్మట ప్రతి తీగకును సన్నని పట్టీ చుట్టి, ఒక్కొక్కదానినే కూర్చి బిగింతురు. ఇట్టి గుత్తి చేతికి తేలిక, వంచినట్లు వంగును. కాని నీరు త్రాగు కాడ పోయినది. రాత్రి కట్టినది మరునాటి సాయంకాలమునకు వాడక తప్పదు.

ఆ వాడుటను సహింపలేని మమకారమే ఈ కథలో నా మనస్సును పట్టినది. 1846 పెండ్లిరోజున ఆల్బర్టు భార్యకు బంగారు ఆకులును పింగాణి పూవులును గల దండ నిచ్చెను. అందు పచ్చమీనా పూసిన నారింజకాయలు నాలుగు. అప్పటికి వారి బిడ్డలు నలుగురు. 1845లో గోథాలో ఆల్బర్టు అవ్వగారిచ్చిన చిన్న గుత్తిలోని మిర్టిల్ రెమ్మను ఆస్బర్న్ భవనమున నాటగా, అది వేరు తన్నినది. 1858లో పెద్ద కుమార్తె వివాహము మొదలుకొని రాజకుటుంబపు వధువుల గుత్తులలో మిర్టిల్ రెమ్మ చేరుచు వచ్చినది.

1923 ఏప్రిల్ 26న ఎలిజబెత్ బోస్-లయన్ వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ప్రవేశించుచు, తన గుత్తిని పేరు తెలియని సైనికుని సమాధిపై నుంచి, వట్టి చేతులతో పెండ్లికి నడచెను. ఆమె అన్న ఫెర్గస్ 1915లో లూస్ యుద్ధమున మడిసెను. అతని స్మరణార్థమే యని చెప్పుకొందురు. 1947 నవంబరు 20న ఆమె కుమార్తె పెండ్లినాడు గుత్తి కనబడక భవనమంతయు వెదకిరి. చల్లగా నుండునని సేవకుడొకడు అలమరలో పెట్టినాడట! మరునాడు దానిని అదే సమాధికి పంపిరి.