శశిరేఖ నుంచి వకుళ దాకా: ఒక తల్లి పాత్రధారిణి చరిత్ర

తెలుగు సినిమా చరిత్ర పేరిట మనం ఇంతవరకు రాసుకున్నది ప్రధానంగా నాయకుల చరిత్ర. కథానాయకుడు, దర్శకుడు, నిర్మాత: ఈ ముగ్గురి చుట్టూ తిరిగి ఆ చరిత్ర ముగుస్తుంది. తల్లిగా, అక్కగా, సవతితల్లిగా దశాబ్దాలపాటు నిలబడి కథకు బరువు చేకూర్చిన నటీమణులకు అందులో దక్కేది ఒక్క వాక్యం. చాలామందికి అదీ దక్కదు. ‘తదితరులు’ అన్న మాటలో వారి శ్రమంతా అణగిపోతుంది. ఈ అన్యాయం ఎట్లా జరుగుతూ వచ్చిందో తెలుసుకోవడానికి మన ప్రాంతపు నటి శాంతకుమారి జీవితంకంటే మంచి ఉదాహరణ దొరకదు.

శాంతకుమారి 1920 మే 17న ప్రొద్దుటూరులో పుట్టింది. అసలు పేరు సుబ్బమ్మ. తండ్రి నటుడు, తల్లి గాయని. మద్రాసులో ప్రొఫెసర్ పి. సాంబమూర్తి దగ్గర కర్ణాటక సంగీతం, వయొలిన్ నేర్చుకున్నది. కడప జిల్లా ఆనాడు మద్రాసు రాజధానిలో భాగం. చదువుకైనా, కళకైనా, బతుకు తెరువుకైనా ఇక్కడివారు చూసింది ఆ నగరం వైపే. దర్శకుడు పి.వి. దాసు తన ‘శశిరేఖా పరిణయం’ (1936) చిత్రానికి ఈ పదహారేళ్ల అమ్మాయిని శశిరేఖగా ఎన్నుకున్నాడు. పాట రానివారికి సినిమాలో చోటు లేని కాలమది. తన పాట తాను పాడగల గొంతే ఆమెకు తెరమీద చోటు సంపాదించి పెట్టింది. తరువాత దర్శకుడు పి. పుల్లయ్యతో ఆమె వివాహం జరిగింది. 1939లో పుల్లయ్య తీసిన వేంకటేశ్వరుని కథాచిత్రంలో సి.ఎస్.ఆర్. ఆంజనేయులు వేంకటేశ్వరుడు, శాంతకుమారి పద్మావతి.

ఇక్కడ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడాలి. 1936 నాటి శశిరేఖ పాత్ర సరిగ్గా 21 ఏళ్ల తరువాత, 1957లో, ‘మాయాబజార్’లో సావిత్రికి వచ్చింది. 1939 నాటి పద్మావతి పాత్ర కూడా సరిగ్గా 21 ఏళ్ల తరువాత, 1960లో, ‘శ్రీ వేంకటేశ్వర మహాత్మ్యం’లో సావిత్రికే వచ్చింది. ఆ రెండో చిత్రానికీ దర్శకుడు పుల్లయ్యే. అందులో శాంతకుమారి వకుళమాత. ఒకనాడు తాను వధువైన పెళ్లికి, ఇప్పుడు వరుడి తల్లి స్థానంలో నిలిచి సంబంధం మాట్లాడవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు నలభై ఏళ్లు నిండలేదు.

ఈ మార్పు 1960లో మొదలైంది కాదు. 1949లో ‘గుణసుందరి కథ’లో ఆమె నాయిక అక్కల్లో ఒకరు. మరుసటి ఏడు ‘షావుకారు’లో వడ్డీవ్యాపారి చెంగయ్య భార్య, అంటే కథానాయకుడి తల్లి. ఆ కథానాయకుడు ఎన్.టి. రామారావు. ఆయన 1923లో పుట్టాడు. తల్లికీ కొడుకుకూ మధ్య వయోభేదం మూడేళ్లు! ‘షావుకారు’ నిర్మాతల్లో ఒకరైన బి. నాగిరెడ్డి, అందులో చిన్న పాత్ర వేసిన పద్మనాభం, తల్లి పాత్ర వేసిన శాంతకుమారి - ముగ్గురూ మన జిల్లావారే. పల్లెలో అప్పు మనుషుల మధ్య ఎట్లా గోడ కడుతుందో చెప్పిన ఆ చిత్రంలో మన సీమవారి పాలు అంత ఉంది. అయినా ముగ్గురిలో ఎక్కువగా వినబడేది నిర్మాత పేరే.

పోలికకు హాలీవుడ్‌ను చూద్దాం. స్టెయిన్‌బెక్ నవల ఆధారంగా 1940లో వచ్చిన ‘గ్రేప్స్ ఆఫ్ రాత్’ చిత్రంలో, ఊరు విడిచి వలసపోయే రైతు కుటుంబపు తల్లిగా జేన్ డార్వెల్ నటించింది. ఆమె పుట్టింది 1879లో. కొడుకుగా వేసిన హెన్రీ ఫోండా పుట్టింది 1905లో. మధ్య 26 ఏళ్లు. అక్కడ తల్లికి తల్లి వయసు ఉంది. ఇక్కడ తల్లి అనేది వయసు కాదు, ఒక హోదా. నాయిక పాత్రకు పెళ్లికాని పిల్ల కావాలి. ఆ గడువు దాటిన నటిని వదినగానో తల్లిగానో మార్చడం పరిశ్రమకు అలవాటు. నాయకుడికి ఆ గడువు లేదు. ‘ప్రేమ్‌నగర్’ (1971)లో జమీందారిణి తల్లిగా శాంతకుమారి కనిపించినప్పుడు ఆమెకు 51 ఏళ్లు. ప్రేమికుడైన కొడుకు అక్కినేని నాగేశ్వరరావు ఆమెకంటే నాలుగేళ్లే చిన్న.

తల్లి పాత్ర గౌరవప్రదమైనది గదా, ఇందులో నష్టమేమిటని కొందరు అడగవచ్చు. నష్టం గౌరవంలో లేదు, పరిమితిలో ఉంది. మన సినిమా తల్లికి కన్నీళ్లిచ్చింది, త్యాగమిచ్చింది. కోరికనూ, కోపాన్నీ, లోకజ్ఞానాన్నీ అరుదుగా ఇచ్చింది. ఇచ్చినచోట శాంతకుమారి ఏం చేయగలదో ‘అర్ధాంగి’ (1955) చూస్తే తెలుస్తుంది. అందులో ఆమె జమీందారు రెండో భార్య. సవతి కొడుకును అమాయకుడిగానే ఉంచి, ఆస్తి మీద, ఇంటి మీద పెత్తనం చేతిలో పెట్టుకోవాలనుకునే స్త్రీ. ఆస్తి చుట్టూ అల్లుకున్న కుటుంబంలో మాతృత్వం కూడా ఆస్తి లెక్కల్లో పడుతుందన్న నిజం ఆ పాత్రలో ఉంది. ‘అమ్మ’ అనే మూసకు అవతల ఆమెలో ఎంత నటి ఉందో ఆ చిత్రం రుజువు.

పెట్టుబడి, పలుకుబడి ఉంటే ఈ హద్దు దాటవచ్చునా? దీనికీ మన తాలూకాల్లోనే సమాధానముంది. పులివెందుల తాలూకా సింహాద్రిపురంలో 1931లో పుట్టిన పద్మనాభం ‘పాతాళభైరవి’ (1951)లో మాంత్రికుడి శిష్యుడు సదాజపుడు. ఏళ్ల తరబడి హాస్యపాత్రలు వేసి, సొంత సంస్థ పెట్టి, 1967లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’కు తానే కథానాయకుడైనాడు. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యాన్ని గాయకుడిగా పరిచయం చేసిందీ ఆ చిత్రమే. పక్క పాత్ర నుంచి ముప్పయ్యారో ఏట నాయకుడి స్థానానికి నడిచే దారి ఆయనకు దొరికింది. శాంతకుమారి ఇంట్లోనే దర్శకుడున్నాడు, సొంత సంస్థ ఉంది. అయినా ఆమె నడిచింది దానికి ఎదురుదిశలో. కాబట్టి తేడా డబ్బులో మాత్రమే లేదు.

గుర్తింపు విషయం మరీ విచిత్రం. అమెరికా అకాడమీ సహాయ నటీనటులకు వేరుగా పురస్కారం పెట్టింది 1936 చిత్రాలతోనే. అంటే శాంతకుమారి తొలి చిత్రం వచ్చిన ఏడు. మన జాతీయ పురస్కారాల్లో ఆ విభాగం వచ్చింది 1984 చిత్రాలకు. నడుమ 48 ఏళ్లు. ఆమె వృత్తిజీవితం దాదాపుగా ఆ ఖాళీలోనే గడిచిపోయింది. రాష్ట్ర ప్రభుత్వపు రఘుపతి వెంకయ్య పురస్కారం పుల్లయ్యకు 1981లోనే అందింది; ఆమె వంతు వచ్చేసరికి చాలా ఏళ్లు పట్టింది. 2006 జనవరి 16న చెన్నైలో ఆమె కన్నుమూసింది.

ముద్దనూరు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల - ఈ నాలుగూళ్ల నడుమ పెరిగిన పిల్లలకు నాయకుల పేర్లు వరసగా వస్తాయి. శాంతకుమారి పేరు ఎందరికి తెలుసు? ఇది జ్ఞాపకశక్తికి సంబంధించిన లోపం కాదు. చరిత్ర రాసే పద్ధతిలోని లోపం. నాయకుడి చిత్రాల పట్టికతో కాక, తల్లి పాత్రల పట్టికతో తెలుగు సినిమా చరిత్ర రాయగలిగితే, మన కుటుంబం, మన ఆస్తి సంబంధాలు, మన స్త్రీల స్థితి ఆ పట్టికలోనే బయటపడతాయి. ఆ పని విమర్శకులది. దానికి మొదటి పేరు ప్రొద్దుటూరు సుబ్బమ్మది కావడం న్యాయం.