మా ఊరికి రాని పడవ

మా రాజమండ్రి వదిన కాపురానికొచ్చిన కొత్తలో సిద్దిపేటంతా తిరిగి చూసి, "అదేంటమ్మాయ్, మీ ఊళ్ళో చెప్పుకోదగ్గ మిల్లు ఒక్కటైనా లేదేం?" అంది. నాకు ఒళ్ళు మండింది. "గొల్లభామ చీరలు నేసే మగ్గాలున్నయ్ వదినా, మాకది చాలు" అన్నాను. అన్నానే గానీ ఆ మాట ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

వాళ్ళ పుట్టింటికి వెళ్ళినప్పుడు సంగతి బోధపడింది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట ముగించిన కాటన్ దొర కాలవలు తవ్వించింది పొలాల కోసమే కాదు, పడవల కోసం కూడా. ఎడ్లబండి ఎంతని మోస్తుంది? అదే నీళ్ళ మీదైతే, గట్టున నడుస్తూ నలుగురు తాడు పట్టి లాగితే బళ్ళకొద్దీ ధాన్యం కదిలిపోయేది. కిరాయి తగ్గే చోటికే గదా షావుకారు వచ్చేది! అలా కాలవల వెంట రైసు మిల్లులు లేచాయి. అడవిలో కొట్టిన కలపనూ వెదురునూ తెప్పలు కట్టి వదిలితే, గోదావరే మోసుకొచ్చి రాజమండ్రిలో అప్పజెప్పేది. అక్కడ కలప అడితీలూ, కాగితం మిల్లూ వెలిశాయి. (ఆ పడవల్ని తర్వాత లారీలు మింగేశాయనుకోండి.)

మరి అదే గోదావరి మా తెలంగాణ మీదుగానే గదా పోయేది?

దొర ఆ ఆలోచనా చేశాడు. వార్ధా వైపు పత్తిని ప్రాణహిత, గోదావరుల మీదుగా సముద్రానికి దింపాలని పథకం. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై లాంకషైర్ మిల్లులకు పత్తి కరువయ్యేసరికి తొందర ఎక్కువైంది. కానీ దారిలో మూడుచోట్ల బండరాళ్ళు అడ్డం: దుమ్ముగూడెం, ఇచ్చంపల్లి, దేవలమర్రి. దుమ్ముగూడెంలో ఆనకట్టా లాకులూ కట్టారు. లాకంటే మరేం లేదు, పడవ ఎక్కే మెట్టు. రెండు తలుపుల నడుమ పడవను నిలిపి నీళ్ళు నింపితే అదే పైకి లేస్తుంది. ఇంతలో 1867లో నాగపూర్‌కు రైలొచ్చి, పత్తి బొంబాయి దారి పట్టింది. 1871లో పనులు ఆపేశారు.

సిద్దిపేట గోదావరి ఒడ్డున లేదు, నిజమే. అయినా కాళేశ్వరం దగ్గర ఒక రేవంటూ పడితే, నూలు బళ్ళు మా దాకా రాకపోయేవా? భద్రాచలం రాముణ్ణి చూసి దుమ్ముగూడెం వెళ్ళిన రోజున నాకిదే ధ్యాస.

2020లో గోదావరి నీళ్ళు పంపులెక్కి మా రంగనాయక సాగర్‌కు వచ్చాయి. వదిన పసుపు కుంకుమ వేసి దండం పెట్టుకుని, "మా గోదారే!" అంది మురిసిపోతూ.

"మీ దగ్గరికి మా దిక్కు నుంచే వస్తది వదినా" అన్నాను.