పీళమేడులో ముందు ఫ్యాక్టరీ, తర్వాతే కాలేజీ



మొన్న మన సంఘం మీటింగులో ఒక పెద్దాయన "కోయంబత్తూరులో కాలేజీలు కట్టింది మనవాళ్ళే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను. ఇంటికొచ్చాక మాత్రం సగం కథే చెప్పుకున్నాం అనిపించింది. డబ్బున్నవాళ్ళు కాలేజీలు కట్టడం అన్ని ఊళ్ళలోనూ ఉంది. పీళమేడులో జరిగింది కొంచెం వేరు.

1926లో పి.ఎస్.గోవిందస్వామి నాయుడు గారి నలుగురు కొడుకులు వెంకటస్వామి, రంగస్వామి, గంగా, నారాయణస్వామి నాయుడు గార్లు ఆస్తిని ఐదు భాగాలు చేశారు. నాలుగు తమకు, ఐదోది ధర్మానికి. అదే పి.ఎస్.జి. అండ్ సన్స్ చారిటీస్. ఆ ఏడే ఇండస్ట్రియల్ ఇన్‌స్టిట్యూట్ కూడా మొదలైంది. పేరుకు ఇన్‌స్టిట్యూట్, పనికి ఫ్యాక్టరీ. పంపులు, మోటార్లు అక్కడ తయారయ్యేవి.

పంపులే ఎందుకంటే, మన జిల్లా సేద్యమంతా బావుల మీదే. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడే రోజులవి. 1932లో పైకారా కరెంటు వచ్చింది. మిల్లులు పెరిగాయి, బావుల మీదకు మోటార్లు ఎక్కాయి. వాటిని చేసే చేతులు, బాగుచేసే చేతులు కావాలి. చదువు అవసరం అక్కడ పుట్టింది.

ఈలోగా జి.డి.నాయుడు గారి సంగతి. 1945లో గవర్నరు ఆర్థర్ హోప్ పేరుతో టెక్నికల్ కాలేజీ పెట్టించి, తానే ప్రిన్సిపాల్‌గా కూర్చున్నారు. ఇప్పటి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే. నాలుగేళ్ళ కోర్సు పిల్లల కాలాన్ని తినేస్తుంది, రెండేళ్ళు చాలు అన్నది ఆయన వాదం. ప్రభుత్వం వినలేదు. ఆయన వదిలేసి వచ్చేశారు. ఆయన మొండితనం మనందరికీ తెలిసిందే కదా! ఆయన చెప్పిన జబ్బు నిజమే అని నా అభిప్రాయం. పుస్తకంలో మోటారు చదివి, మోటారు విప్పడం రాని ఇంజనీర్లు ఈరోజూ ఉన్నారు. కానీ ఆయన వెళ్ళిపోవడంతో ఆ వాదన కాలేజీ లోపల చేసేవాళ్ళు లేకుండా పోయారు.

1951లో పి.ఎస్.జి. కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ వచ్చింది. మొదటి ప్రిన్సిపాల్ ఆ కుటుంబంవారే, జి.ఆర్.దామోదరన్ గారు. కాలేజీకి ఫ్యాక్టరీ వెతుక్కోనక్కరలేదు, పాతికేళ్ళుగా అక్కడ ఉన్నదే. తర్వాత శాండ్‌విచ్ కోర్సు పెట్టారు. కొంతకాలం తరగతి, కొంతకాలం ఫ్యాక్టరీ పని, మళ్ళీ తరగతి. తమాషా చూడండి. నాలుగేళ్ళే ఎక్కువని నాయుడు గారు అలిగారు. ఈ కోర్సుకు ఐదేళ్ళు. అయినా ఆయన కోరినది ఇందులోనే ఎక్కువ నెరవేరింది, ఎందుకంటే ఆ పెరిగిన కాలం లేత్ మిషను ముందు గడిచింది.

1956లో మిల్లులవాళ్ళు కలిసి పెట్టుకున్న దక్షిణ భారత టెక్స్‌టైల్ పరిశోధన సంస్థ, మనం సిట్రా అంటాం, అదీ అవినాశి రోడ్డు మీదే. మిల్లు, పరిశోధన, కాలేజీ, ఫ్యాక్టరీ అన్నీ ఒక్క దారిలో.

ఇంకొకటి. దామోదరన్ గారు సైన్సును మామూలు జనానికి చెప్పడానికి 'కలైక్కదిర్' పత్రిక నడిపారు, తమిళంలో. "ఇంట్లో తెలుగు, పత్రిక తమిళమా" అని మనలో కొందరికి బాధ. నాకు లేదు. వాళ్ళ బడి పేరే సర్వజన. అక్కడికి వచ్చిన పిల్లలు అన్ని ఇళ్ళ పిల్లలు, ఊరి భాష తమిళం. నా బాధ వేరే. ఇన్‌స్టిట్యూట్‌లో ఫిట్టర్లుగా, మౌల్డర్లుగా చేసిన మన తాతల మాటలు ఎవరూ రాసిపెట్టలేదు. ట్రస్టీల ఫొటోలు గోడల మీద ఉన్నాయి, వీళ్ళవి లేవు.

మీ ఇంట్లో అక్కడ పనిచేసినవాళ్ళు ఉంటే, వాళ్ళు ఏ మిషను మీద ఉన్నారో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో కింద రాయండి. తెలుగులో రాయడం రాకపోతే తమిళంలో రాయండి, వాయిస్ మెసేజ్ పెట్టినా సరే, నేను ఎక్కించుకుంటాను.