పటమును, వాకిలియు

మహానౌకల చరిత్రము వ్రాయువారు వాని వేగమును, భోజనశాలల వైభవమును కొనియాడుదురు. ఓడ మూలలందలి చిన్న పానశాలలను తలచువారు అరుదు. కాని ఒక కాలపు మనస్సు తఱచుగా అట్టి మూలలందే బయలుపడును.

1936 మే 27వ తేదీని క్వీన్ మేరీ అను ఆంగ్లనౌక సౌతాంప్టన్ నుండి న్యూయార్కునకు తొలి ప్రయాణము సాగించెను. అందు క్యాబిను, టూరిస్టు, థర్డు అని మూడు తరగతులు. ఓడ ముందటి వైపున సముద్రమును చూచుచు కూర్చుండుటకు అర్ధచంద్రాకారముగా కట్టిన పానశాల క్యాబిను తరగతివారిది. అదియే అన్నిటికంటె పై తరగతి. అచట బారుకు పైగా ఏ. ఆర్. థామ్సన్ చిత్రించిన పటమొకటి కలదు. 1935లో ఐదవ జార్జి రజతోత్సవ దినములందు నానావిధ జనులు చేయి చేయి పట్టుకొని ఆడుట అందలి విషయము. బెంగుళూరున జనించిన థామ్సన్ పుట్టుకతోనే చెవిటివాడు. పాట వినని చిత్రకారుడు అందఱను ఒక్క వరుసలో ఆడించెను!

అయినను థర్డుక్లాసు ప్రయాణికునకు ఆ గదిలో ప్రవేశము లేదు. పటమందు సమత్వము, వాకిట తారతమ్యము.

యుద్ధకాలమున ఈ ఓడ సైనికులను మోసెను. 1943 జులైలో ఒక్క ప్రయాణమున 16,683 మంది అందుండిరి. అప్పుడు టిక్కెట్టు తరగతి అడిగినవారు లేరు. 1947లో ప్రయాణికుల రాకపోకలు మరల మొదలుకాగా తరగతులును మరల వచ్చెను. 1967లో ఓడ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచి చేరి, పిదప హోటలైన తరువాతనే ఆ భేదము తొలగెను.

మనమును పాఠశాలల గోడలపై సమతా వాక్యములు వ్రాయించుచున్నాము. వాకిలి ఎవరికి తెఱచితిమో కూడ చూచుకొందము.