లేనిదాన్ని వెతికి పట్టుకున్న జన్యులోపం

ఇవాళ ఒక ఆబోతు చరిత్ర. 1962లో అమెరికాలో పుట్టిన హోల్‌స్టీన్, పేరు పానీ ఫార్మ్ ఆర్లిండా చీఫ్. దాని సంతతి పాలు బాగా ఇచ్చేది. అందుకే కృత్రిమ గర్భధారణతో 16,000 కూతుళ్లు! కానీ దాని డీఎన్‌ఏలో ఒక లోపం కూడా ఉంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తే దూడ కడుపులోనే పోతుంది. రైతులేమో చూడి నిలవలేదు అనుకునేవాళ్లు.

2011లో అమెరికా వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు వేల పశువుల డీఎన్‌ఏ చూశారు. సాఫ్ట్‌వేర్ వాడిగా నాకు నచ్చింది ఇదే: వాళ్లు లేనిదాన్ని వెతికారు. ఆ భాగం రెండు కాపీలున్న పశువు ఒక్కటీ కనబడలేదు. వంశావళి, చూడి రికార్డులు కలిపితే దారి చీఫ్ దగ్గరికే వెళ్లింది. 2016లో అసలు జన్యువు దొరికింది: ఏపీఏఎఫ్1. అప్పటికి పోయిన దూడలు 5,25,000 అని అంచనా. ఇప్పుడు టెస్ట్ ఉంది, లోపమున్న రెండిటినీ జత కట్టించకపోతే చాలు. పాల లెక్క ఒక్కటే చూస్తే ఇది ఎప్పటికీ తెలిసేది కాదండీ.