పొయ్యి దగ్గరి బడి

మన కొండల్లో బడి రాకముందు చదువే లేదని చాలామంది అనుకుంటారు. మేము ఒప్పుకోం. సాలూరు చుట్టుపక్కల జాతాపు, సవర, కొండదొర ఊళ్లలో మామిడి కొత్తలు కాకుండా పెద్దలు పండు ముట్టరు. టెంక ముదరకుండా ఎందుకు కోయకూడదో, మొదటి పండు ఎవరికి పెట్టాలో, ఇంటి పెద్దల పేర్లేమిటో పిల్లలు రాత్రి పొయ్యి దగ్గర అవ్వ నోట వినేవారు. అదంతా ఇంటి మాటలోనే.

ఇంటి మాటలోనే చదువు చెప్పాలని గిడుగు రామమూర్తి పంతులుగారు గట్టిగా నమ్మారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సొంత డబ్బుతో బడులు పెట్టి సవరలోనే చెప్పించారు. 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. పంతులుగారి సవర చదువూ ఇంట్లోనే మొదలైందన్నమాట. అక్కడ గురువు మనవాడు! మేము చదివిన పాఠాల్లో మాత్రం పంతులుగారి పేరే ఉంది.

1936లో మాంగేయి గొమాంగో సవరకు సొంత లిపి తయారుచేశారు. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా సహా ఎనిమిది భాషల్లో బడి చదువు మొదలుపెట్టింది.

ఇప్పుడు పిల్లలు మూడో తరగతికే ఆశ్రమ పాఠశాలకు వచ్చేస్తున్నారు. పొయ్యి దగ్గర అవ్వ ఒక్కతే. అందుకే సెలవులకు పంపేటప్పుడు మేము ఒక పని చెప్తున్నాం: అవ్వ చెప్పిన కథ ఒకటి, ఆమె మాటలోనే, తెలుగు అక్షరాలతో రాసుకు రమ్మని. మొదటిసారి సగంమంది ఖాళీ నోటుపుస్తకాలు తెచ్చారు. అవ్వ చెప్పిందట. వీళ్లకే అర్థం కాలేదట.